కుర్చీ దిగడం తెలిసిన జనరల్

యానాంలో ఫ్రెంచ్ జెండా దిగింది 1954లో. చట్టప్రకారం యానాం మన దేశంలో కలిసింది 1962 ఆగస్టు 16న. ఆ మధ్య ఎనిమిదేళ్లూ యానాం, పుదుచ్చేరి, కారైకాల్, మాహేల పాలన ఢిల్లీ చేతిలో ఉంది, హక్కు కాగితం మాత్రం పారిస్ బీరువాలో ఉంది. విలీన ఒప్పందం మీద రెండు ప్రభుత్వాలూ 1956 మేలోనే సంతకాలు చేశాయి. ఇక ఫ్రెంచ్ పార్లమెంటు ఆమోదముద్ర వేయడమే తరువాయి. ఆ ఒక్క ముద్రకు ఆరేళ్లు పట్టింది.

ఆలస్యానికి కారణం గోదావరి ఒడ్డున వెతికితే దొరకదు. మధ్యధరా సముద్రం పక్కన, అల్జీరియాలో దొరుకుతుంది. ఇండియాలో నాలుగు చిన్న ఊళ్లను రాసిచ్చేస్తే రేపు అల్జీరియా వాళ్లూ అదే అడుగుతారని ఫ్రాన్స్‌లో చాలామంది ఎంపీల భయం. 1962 జూలై మొదటి వారంలో అల్జీరియా స్వతంత్రమైపోయింది. ఇక భయపడటానికి ఏమీ మిగల్లేదు. అదే నెలాఖరుకు మన కాగితం కూడా కదిలింది.

అల్జీరియాను వదులుకున్న ఫ్రెంచ్ నాయకుడు చార్ల్స్ డిగాల్. మాజీ సైనికాధికారి. అల్జీరియాను చచ్చినా వదలకూడదని పట్టుబట్టిన తోటి సైనికాధికారులే నాలుగేళ్ల ముందు ఆయన్ని గద్దె ఎక్కించారు. ఎక్కించిన పని ఒకటి, ఆయన చేసిన పని ఇంకొకటి. డిగాల్ కథలో అసలు చిక్కుముడి ఇదే.

1958 జనరళ్ల సంవత్సరం. జూన్‌లో పారిస్‌లో డిగాల్ ప్రధాని అయ్యాడు. అక్టోబరులో పాకిస్తాన్ అయూబ్ ఖాన్ చేతిలోకి వెళ్లింది. అదే అక్టోబరులో బర్మాలో నె విన్ ప్రధాని కుర్చీలో కూర్చున్నాడు. అయూబ్ తర్వాత పాకిస్తాన్‌లో ఏం జరిగిందో మనకు తెలుసు, ఇరుగింటి సంగతి కదా. బర్మా సంగతి చెప్పనే అక్కర్లేదు. ఫ్రాన్స్ మాత్రం ఆ దారిన పోలేదు. ఎందుకు పోలేదు? ఫ్రెంచ్ వాళ్లు నాగరికులు కాబట్టి అనే సమాధానం నేను ఒప్పుకోను. 1958 మేలో పారిస్ మీద పారాట్రూపర్లను దించడానికి పథకం సిద్ధం చేసింది ఆ నాగరిక సైన్యమే.

రేడియో ముందు ఒక్కడు

ముందు ఆయన జనరల్ హోదా సంగతి చూద్దాం. అది చాలా పల్చటిది.

1890లో లీల్ నగరంలో పుట్టాడు. తండ్రి బడిపంతులు. సాన్‌సీర్ సైనిక పాఠశాలలో చదివి 1912లో పదాతి దళంలో చేరాడు. ఆ రెజిమెంటు అధిపతి కల్నల్ పెతాన్. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో మూడుసార్లు గాయపడ్డాడు. 1916లో వెర్డన్ దగ్గర జర్మన్లకు పట్టుబడ్డాడు. చెరలోంచి ఐదుసార్లు తప్పించుకోబోయి ఐదుసార్లూ దొరికిపోయాడు. ఆరడుగులు దాటిన మనిషి ఎక్కడని దాక్కుంటాడు?

రెండు యుద్ధాల మధ్య ఆయన చెప్పింది ఒకటే మాట. కందకాల రోజులు పోయాయి, ట్యాంకులను విడి దళాలుగా కట్టి వేగంగా కదిలించాలి అని. పై అధికారులు వినలేదు. 1940 మేలో జర్మన్ ట్యాంకులు అచ్చం అలాగే వచ్చి పడ్డాయి. అప్పుడు ఆయనకు ఒక ట్యాంకు డివిజన్ ఇచ్చారు, జూన్ 1 నుంచి బ్రిగేడియర్ జనరల్ హోదా ఇచ్చారు. అదీ తాత్కాలికం. కొద్ది రోజులకే ప్రధాని రెనో ఆయన్ని రక్షణ శాఖలో సహాయమంత్రిగా తీసుకున్నాడు. పది రోజులు తిరిగేసరికి ఆ ప్రభుత్వం పడిపోయింది. కొత్త ప్రధానిగా వచ్చినవాడు మార్షల్ పెతాన్. వస్తూనే జర్మనీతో సంధికి సిద్ధమయ్యాడు.

జూన్ 17 ఉదయం డిగాల్ బోర్డోలో ఒక చిన్న బ్రిటిష్ విమానం ఎక్కాడు. చేతిలో రెనో ఇప్పించిన లక్ష ఫ్రాంకులు. సైన్యం లేదు, పార్టీ లేదు, పదవి లేదు. మర్నాడు సాయంత్రం బీబీసీ మైకు ముందు కూర్చుని, ఏం జరిగినా ఫ్రెంచ్ ప్రతిఘటన జ్యోతి ఆరిపోకూడదు, ఆరిపోదు అన్నాడు. ఆ ప్రసంగాన్ని రికార్డు చేసి దాచిపెట్టాలని ఎవరికీ తోచలేదు. ఆ రోజు విన్నవాళ్లు కూడా కొద్దిమందే. ఆగస్టులో పెతాన్ ప్రభుత్వపు సైనిక న్యాయస్థానం ఆయన లేకుండానే విచారణ జరిపి మరణశిక్ష వేసింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. సైనికాధికారి రాజకీయాల్లోకి రావడం అంటే మామూలుగా మనకు తోచే బొమ్మ ఒకటుంది. వెనక బ్యారక్స్, ముందు ట్యాంకులు, అర్ధరాత్రి రేడియో స్టేషన్ స్వాధీనం. డిగాల్ రాజకీయ జీవితం సైన్యాధిపతి మాట కాదనడంతో మొదలైంది. సొంత సైన్యమే ఆయన్ని దేశద్రోహి అంది. రేడియో స్టేషన్ కూడా పరాయి దేశానిది, అడిగి తీసుకున్నది. ఫ్రాన్స్ పేరుతో మాట్లాడే అర్హత నీకెక్కడిది అని ఎవరడిగినా ఆయన దగ్గర చూపించడానికి బలగం లేదు, మాట ఉంది. అందుకే ఆ తర్వాత ముప్పై ఏళ్లూ, జనం తనను ఒప్పుకున్నారని రుజువు చూపించుకోవడం ఆయనకు ఒక యావ అయిపోయింది. ఈ యావే ఆయన్ని కాపాడింది, ఆఖరికి దించేసింది కూడా.

మెల్లగా ఆఫ్రికాలోని కొన్ని ఫ్రెంచ్ వలస రాజ్యాలు ఆయన వైపు వచ్చాయి. చాద్ ముందు వచ్చింది. 1940 సెప్టెంబరులో పుదుచ్చేరి గవర్నర్ బోన్వాన్ కూడా డిగాల్ పక్షం అని ప్రకటించాడు. అలా మన యానాం, తనకు తెలిసో తెలియకో, పెతాన్‌ను వదిలి డిగాల్ జట్టులో చేరింది. చర్చిల్ ఆయన్ని భరించాడు, రూజ్‌వెల్ట్ భరించలేకపోయాడు. 1944 ఆగస్టులో పారిస్ విడుదలైన రోజున నగర భవనంలో తోటివాళ్లు, బాల్కనీలోకి వచ్చి గణతంత్రాన్ని ప్రకటించండి అని అడిగారు. ఆయన ప్రకటించనన్నాడు. గణతంత్రం ఎప్పుడూ పోలేదు, పోనిదాన్ని మళ్లీ ప్రకటించడమేమిటి అన్నాడు. అంటే పెతాన్ ఏలిన నాలుగేళ్లూ చట్టం లెక్కలో సున్నా. అసలు ఫ్రాన్స్ ఆ నాలుగేళ్లూ తన వెంటే తిరిగింది అని. ఎంత అహంకారం కావాలి ఆ మాటకు! కానీ న్యాయపరంగా చూస్తే అంతకంటే తెలివైన మాట ఇంకొకటి లేదు.

ఫ్రాన్స్‌లో ఆడవాళ్లకు ఓటు వచ్చింది ఈయన తాత్కాలిక ప్రభుత్వం 1944 ఏప్రిల్‌లో అల్జీరియా రాజధాని అల్జీర్స్ నుంచి ఇచ్చిన ఉత్తర్వుతోనే. సాంఘిక భద్రతా వ్యవస్థ 1945లో మొదలైంది. పెతాన్‌కు పడిన మరణశిక్షను యావజ్జీవంగా మార్చిందీ డిగాలే. ఇన్ని చేసి, 1946 జనవరి 20న మంత్రులను పిలిచి, నేను వెళ్తున్నాను అని చెప్పేశాడు. బలమైన అధ్యక్షుడు ఉండాలని ఈయన, పార్లమెంటే సర్వం కావాలని పార్టీలు. నన్ను వెనక్కి పిలుస్తారులే అనుకున్నాడు. పన్నెండేళ్లు ఎవరూ పిలవలేదు.

పిలుపు వెనక పారాట్రూపర్లు

ఫ్రాన్స్‌లో రాజ్యాంగం మారితే గణతంత్రం అంకె మారుతుంది. ఆ పన్నెండేళ్ల నాలుగో గణతంత్రంలో ఇరవైకి పైగా ప్రభుత్వాలు మారాయి. అయినా దాన్ని మరీ తీసిపారేయకూడదు. యుద్ధంలో చితికిన దేశాన్ని నిలబెట్టింది ఆ రోజుల్లోనే. దానికి చేతకానిది ఒకటే, వలసలను వదలడం. 1954 మేలో వియత్నాంలోని దియెన్ బియెన్ ఫులో సైన్యం చిత్తుగా ఓడింది. ఆ నవంబరులో అల్జీరియాలో తిరుగుబాటు మొదలైంది.

వియత్నాం వేరు, అల్జీరియా వేరు. ఫ్రెంచ్ చట్టం దృష్టిలో అల్జీరియా వలస కానే కాదు, ఫ్రాన్స్‌లో భాగం. అక్కడ పది లక్షల మంది యూరోపియన్లు తరాలుగా స్థిరపడ్డారు. చుట్టూ తొంభై లక్షల మంది ముస్లింలు, వాళ్లకు సమాన హక్కులు లేవు. ఒకసారి ఓడిపోయి వచ్చిన సైనికాధికారులకు ఇంకోసారి ఓడిపోయామనిపించుకోవడం ఇష్టం లేదు. పారిస్‌లోని రాజకీయ నాయకులే తమను అమ్మేస్తారని వాళ్ల అనుమానం.

1958 మే 13న అల్జీర్స్‌లో యూరోపియన్ల గుంపు ప్రభుత్వ కార్యాలయంలోకి దూసుకుపోయింది. పారాట్రూపర్ల జనరల్ మాస్యు ఆ గుంపు పెట్టిన కమిటీకి నాయకుడయ్యాడు. 15న సైనిక కమాండర్ సలాన్ బాల్కనీ మీద నుంచి డిగాల్‌కు జై కొట్టాడు. అదే రోజు సాయంత్రం పల్లెటూళ్లో ఉన్న డిగాల్ ఒక చిన్న ప్రకటన విడుదల చేశాడు. గణతంత్రపు అధికారాలు స్వీకరించడానికి నేను సిద్ధం అని. నాలుగు రోజులకు విలేకరులు నియంత అవుతారా అని అడిగితే, అరవై ఏడేళ్ల వయసులో నియంతగా కొత్త ఉద్యోగం మొదలుపెడతానా అన్నాడు. నవ్వులు పూశాయి. అల్జీర్స్ తిరుగుబాటును ఖండించమంటే మాత్రం ఖండించలేదు.

24న పారాట్రూపర్లు కోర్సికా ద్వీపం పట్టుకున్నారు. తర్వాతి అంకం పారిస్. దానికి 'పునరుత్థానం' అని పేరు కూడా పెట్టుకున్నారు. 27న డిగాల్ ఇంకో ప్రకటన ఇచ్చాడు. ప్రభుత్వ ఏర్పాటుకు అవసరమైన క్రమబద్ధ ప్రక్రియను నిన్ననే మొదలుపెట్టాను, సైన్యం క్రమశిక్షణ పాటించాలి అని. కుర్చీలో ఉన్న ప్రధాని ఇంకా దిగనే లేదు! ఒక్క దెబ్బకు రెండు పిట్టలు. అటు సైన్యం ఆగింది, ఇటు ప్రధాని కాళ్ల కింద నేల కదిలింది. అధ్యక్షుడు రెనె కోటీ ఆయన్ని పిలిచి, పార్లమెంటు ఒప్పుకోకపోతే నేనే రాజీనామా చేస్తానన్నాడు. జూన్ 1న పార్లమెంటు 329 ఓట్లతో ఒప్పుకుంది, 224 మంది కాదన్నారు.

దీన్ని ఏమనాలి? నా లెక్కలో ఇది సగం కుట్ర. తుపాకీ బల్ల మీద ఉంది, డిగాల్ దాన్ని ముట్టుకోలేదు, తీసేయమనీ అనలేదు. పార్లమెంటు ఓటు వేసింది నిజమే, ఆ ఓటు భయంతో వేసిందన్నదీ నిజమే. ఆయన భక్తులు మొదటి సగమే చెబుతారు, శత్రువులు రెండో సగమే చెబుతారు.

జూన్ 4న అల్జీర్స్ వెళ్లాడు. కిక్కిరిసిన జనం ముందు చేతులు పైకెత్తి, మిమ్మల్ని అర్థం చేసుకున్నాను అన్నాడు. ఆ ప్రాంగణం దద్దరిల్లింది. ఏం అర్థం చేసుకున్నాడు? మన ఇళ్లలో పెళ్లి మాటల దగ్గర పెద్దాయన తలూపి 'సరే, అర్థమైంది' అంటే ఒప్పుకున్నట్టా, కాదన్నట్టా? ఎవరికి కావలసింది వాళ్లు వింటారు. అల్జీరియా ఫ్రాన్స్‌దే అని యూరోపియన్లు విన్నారు. మాకూ సమానత్వం వస్తుందని కొందరు ముస్లింలు విన్నారు. ఆయన మనసులో అప్పటికే అల్జీరియాను వదిలేయాలని ఉందో లేదో చరిత్రకారులు ఇప్పటికీ తేల్చుకోలేదు. పరిస్థితిని బట్టి మారాడనే నాకనిపిస్తుంది. మారిన ప్రతిసారీ ఎవరో ఒకరు మోసపోయారు.

రాష్ట్రపతి, ప్రధాని, ఈ రెండూ కాని మనిషి

ఆ సెప్టెంబరులో కొత్త రాజ్యాంగం మీద రెఫరెండం, అంటే ప్రజాభిప్రాయ సేకరణ, పెట్టాడు. దాదాపు 80 శాతం ఔనన్నారు. ఐదో గణతంత్రం అనే ఈ ఏర్పాటు మనకు కొంచెం తికమకగా ఉంటుంది. నాలుగో గణతంత్రంలో అధ్యక్షుడు ఇంచుమించు మన రాష్ట్రపతిలాంటివాడు. గౌరవం ఆయనది, అధికారం ప్రధానిది. కొత్త రాజ్యాంగంలో ప్రధాని ఉన్నాడు, పార్లమెంటుకు జవాబుదారీగానే ఉన్నాడు. కానీ ఆ ప్రధానిని ఎంచుకునేది అధ్యక్షుడు. దిగువ సభను రద్దు చేయగలడు. పార్లమెంటును దాటి నేరుగా జనం ముందుకు రెఫరెండం తీసుకెళ్లగలడు. దేశం ప్రమాదంలో పడితే 16వ అధికరణం కింద సర్వాధికారాలూ తన చేతిలోకి తీసుకోగలడు. అప్పట్లో ఏడేళ్ల పదవీకాలం. అంటే మన రాష్ట్రపతి భవన్‌లో కూర్చుని ప్రధాని కార్యాలయం పనులు కూడా చూసుకునే మనిషి అన్నమాట. ఆ కుర్చీని కొలతలు తీసుకుని తన కోసమే చేయించుకున్నాడు.

1958 డిసెంబరులో ఆయన్ని అధ్యక్షుడిగా ఎన్నుకున్నది జనం కాదు. మేయర్లు, కౌన్సిలర్లు, ఎంపీలు కలిపి సుమారు 80 వేల మంది. రెండేళ్లు తిరక్కుండా అయూబ్ కూడా సరిగ్గా ఇలాగే చేశాడు. 'బేసిక్ డెమోక్రాట్లు' అని 80 వేల మంది స్థానిక ప్రతినిధులను పెట్టి, 1960లో వాళ్ల చేత ఔననిపించుకున్నాడు. అంకె కలవడం యాదృచ్ఛికమే. ఇద్దరి దారులూ విడిపోయింది ఆ తర్వాతే. ఆ సంగతికి ముందు ఒక ఆదివారం రాత్రి గురించి చెప్పాలి.

1959 సెప్టెంబరులో డిగాల్ అల్జీరియాకు స్వయం నిర్ణయాధికారం అనే మాట అన్నాడు. తనను గద్దె ఎక్కించినవాళ్ల గుండెల్లో రాయి పడింది. 1961 ఏప్రిల్ 21 రాత్రి ముగ్గురు జనరళ్లు, షాల్, జువో, జెల్లేర్, అల్జీర్స్‌ను చేతిలోకి తీసుకున్నారు, రెండు రోజులకు సలాన్ కూడా వచ్చి కలిశాడు. మళ్లీ పారిస్ మీద పారాట్రూపర్లు దిగుతారని వదంతి. ప్రధాని దెబ్రె అర్ధరాత్రి టీవీలో కనిపించి, విమానాశ్రయాలకు నడిచో కార్లలోనో వెళ్లి ఆ సైనికులకు నచ్చజెప్పండని ప్రజలను బతిమాలాడు. ఆ టెన్షన్‌లోనూ పారిస్ జనం దాని మీద జోకులు వేసుకున్నారు.

అంతకు నాలుగు గంటల ముందు, 23వ తేదీ రాత్రి ఎనిమిదింటికి డిగాల్ టీవీలో, రేడియోలో మాట్లాడాడు. ఒంటి మీద సైనిక దుస్తులు, వాటి మీద రెండే నక్షత్రాలు, 1940 నాటి బ్రిగేడియర్ జనరల్‌వి. తిరుగుబాటుదారులు హోదాలో ఆయనకంటే పెద్దవాళ్లు. వాళ్లను రిటైరైన జనరళ్ల చిన్న మూక అని తీసిపారేశాడు. వాళ్ల ఆజ్ఞలను ఏ ఫ్రెంచ్ పౌరుడూ, ముందుగా ఏ సైనికుడూ పాటించకూడదని నిషేధిస్తున్నాను అన్నాడు. చివర్లో గొంతు మారింది. నాకు సాయం చేయండి అన్నాడు.

అల్జీరియా బ్యారక్స్‌లో ఉన్న కుర్రాళ్లలో ఎక్కువ మంది నిర్బంధ సైనిక సేవ కింద వచ్చినవాళ్లు. వాళ్ల దగ్గర జేబులో పట్టే కొత్తరకం ట్రాన్సిస్టర్ రేడియోలు ఉన్నాయి. అధికారులు చెప్పింది వినాలా, రేడియోలో పెద్దాయన చెప్పింది వినాలా? కుర్రాళ్లు రేడియో మాటే విన్నారు. ఆజ్ఞలు అందుకున్నా కదల్లేదు. 26కల్లా షాల్ లొంగిపోయాడు. దీన్ని ఫ్రెంచ్ వాళ్లు ట్రాన్సిస్టర్ల యుద్ధం అంటారు. 1940లో పై అధికారుల మాట వినొద్దని రేడియోలో చెప్పిన మనిషే ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత మళ్లీ అదే చెప్పాడు. ఈసారి దేశమంతా విన్నది.

జనరల్ యూనిఫాం వేసుకున్నది సైన్యాన్ని వెంట తెచ్చుకోవడానికి కాదు, సైన్యాన్ని వెనక్కి పంపడానికి. అయూబ్‌కూ ఈయనకూ తేడా ఎక్కడుందంటే నేను ఈ రాత్రినే చూపిస్తాను. అయూబ్ 1959లో ఫీల్డ్ మార్షల్ హోదా తీసుకున్నాడు. డిగాల్‌కు మార్షల్ హోదా ఇస్తామంటే వద్దన్నాడు, చివరిదాకా తాత్కాలిక బ్రిగేడియర్ జనరల్‌గానే ఉండిపోయాడు.

అలాగని పూలదండ వేసి ఊరుకునే సందర్భం కాదు ఇది. తిరుగుబాటు నాలుగు రోజుల్లో చల్లారినా, 16వ అధికరణం కింద తీసుకున్న సర్వాధికారాలను ఆయన సెప్టెంబరు నెలాఖరుదాకా వదల్లేదు. అక్టోబరు 17న పారిస్‌లో కర్ఫ్యూకు నిరసనగా శాంతియుతంగా ఊరేగిన అల్జీరియన్లను పోలీసులు చంపారు, కొందరిని సేన్ నదిలోకి విసిరేశారు. పోలీసు అధిపతి మొరీస్ పాపాన్. అప్పట్లో ప్రభుత్వం ఒప్పుకున్నది ముగ్గురినే. చరిత్రకారుల లెక్కలు పదుల నుంచి వందకు పైదాకా వెళ్తాయి. డిగాల్ నోరు విప్పలేదు, పాపాన్‌ను కదపలేదు.

1962 మార్చిలో ఎవియాన్‌లో అల్జీరియా స్వాతంత్ర్యానికి దారి తీసిన ఒప్పందం కుదిరింది. ఫ్రాన్స్ తరఫున పోరాడిన అల్జీరియా ముస్లిం సైనికులను, హర్కీలంటారు వాళ్లను, ఓడలెక్కించొద్దని పై నుంచి ఆదేశాలు వెళ్లాయి. వెనక మిగిలిపోయినవాళ్లలో వేలకు వేల మందిని స్వతంత్రం వచ్చాక చంపేశారు. యూరోపియన్లలో అత్యధికులు ఆ ఒక్క ఏడాదిలోనే పెట్టెలు సర్దుకుని సముద్రం దాటారు. నేలను వదలడం తప్పదు, నిజమే. మనుషులను అలా వదలాల్సిన పని లేదు.

అంత ద్వేషం ఊరికే పోదు. ఆగస్టు 22 సాయంత్రం, అంటే మన యానాం కాగితాలు చేతులు మారిన ఆరో రోజున, పారిస్ శివార్లలో పెతి క్లామార్ అనే చోట ఆయన కారు మీద తుపాకులు పేలాయి. లోపల భార్య ఇవోన్, అల్లుడు కూడా ఉన్నారు. టైర్లు పగిలాయి, వెనక అద్దం బద్దలైంది, ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. కారు ఆగాక ఇవోన్ అడిగింది డిక్కీలో పెట్టిన కోళ్ల గురించట, అవి పాడవలేదు కదా అని. వంటకని కొన్నవి. ఫ్రెంచ్ యాసలో కోడి అంటే పోలీసు అని కూడా అర్థం ఉంది, పక్కనున్న అంగరక్షకులు తమ క్షేమం అడుగుతోందనుకున్నారని చెప్పుకుంటారు. పథకం వేసిన బాస్తియెన్ తిరీ సైన్యంలో లెఫ్టినెంట్ కల్నల్. 1963 మార్చిలో అతన్ని కాల్చి చంపారు. డిగాల్ క్షమాభిక్ష ఇవ్వలేదు.

జనం ఓటు మీద పందెం

చావు తప్పించుకున్న కొద్ది వారాల్లోనే ఆయన పెద్ద పందెం కాశాడు. ఆ 80 వేల మందిని తీసేసి, ఇకనుంచి అధ్యక్షుడిని జనమంతా నేరుగా ఎన్నుకోవాలన్నాడు. రాజ్యాంగం మార్చాలంటే పార్లమెంటు గుండా వెళ్లాలి. ఈయన తిన్నగా రెఫరెండానికి వెళ్లాడు. రాజ్యాంగ విరుద్ధమని గగ్గోలు పుట్టింది, న్యాయంగా చూస్తే గగ్గోలు పెట్టినవాళ్ల వైపే బలం ఉంది. పార్లమెంటు అప్పటి ప్రధాని పాంపిడూ ప్రభుత్వాన్ని అవిశ్వాసంతో పడగొట్టింది. ఐదో గణతంత్రంలో అలా పడిన ప్రభుత్వం 2024 డిసెంబరు దాకా అదొక్కటే. డిగాల్ పార్లమెంటునే రద్దు చేశాడు. అక్టోబరు 28న 62 శాతం ఔనన్నారు.

దారి వంకరే. కానీ ఎటు తీసుకెళ్లిందో చూడండి. 1965 జనవరిలో అయూబ్ తన 80 వేల మందిని నమ్ముకుని ఫాతిమా జిన్నాను ఓడించాడు. ఆ డిసెంబరులో డిగాల్ దేశమంతటి ఓటర్ల ముందు నిలబడితే మొదటి రౌండులో 45 శాతం కూడా రాలేదు. రెండో రౌండు ఆడాల్సి వచ్చింది. 55 శాతంతో బయటపడ్డాడు. తనను ఇబ్బంది పెట్టగలిగే ఎన్నికను తానే తెచ్చి పెట్టుకున్నాడు. ఎదురు నిలిచిన ఫ్రాన్స్వా మిట్టరాండ్ ఈ ఏర్పాటంతా నిత్యం సాగే కుట్ర అని దుమ్మెత్తిపోసినవాడు. తర్వాత 1981లో అదే కుర్చీ ఎక్కి పద్నాలుగేళ్లు హాయిగా కూర్చున్నాడు. కొలతలు ఆయనకూ సరిపోయాయి!

విదేశాంగం గురించి విడిగా ఇంకో వ్యాసం రాయొచ్చు. సొంత అణుబాంబు, బ్రిటన్‌ను యూరోపియన్ కూటమిలోకి రెండుసార్లు రానివ్వకపోవడం, 1964లో కమ్యూనిస్టు చైనాకు గుర్తింపు, 1966లో నాటో సైనిక కమాండ్ నుంచి బయటికి రావడం, 1967లో మాంట్రియల్ వెళ్లి స్వేచ్ఛా క్విబెక్ వర్ధిల్లాలని నినదించి కెనడా వాళ్లను మండించడం. అన్నింటి వెనకా ఒకటే పంతం, ఎవరి నీడలోనూ ఉండకూడదని. 1940లో లండన్‌లో చేయి చాచి నిలబడ్డ మనిషికి ఆ పంతం రావడంలో వింత లేదు.

1968లో విద్యార్థులు రోడ్డెక్కారు, వెనకే కార్మికులు. దేశం స్తంభించింది. మే 29న అధ్యక్షుడు మాయమయ్యాడు. ప్రధాని పాంపిడూకు కూడా చెప్పలేదు. హెలికాప్టర్‌లో జర్మనీలోని బాడెన్‌బాడెన్‌కు, అక్కడి ఫ్రెంచ్ దళాల అధిపతి దగ్గరికి వెళ్లాడు. ఆ అధిపతి ఎవరో కాదు, 1958 నాటి మాస్యు. నిజంగా డీలా పడ్డాడా, నాటకమా అన్నది ఇంకా తేలలేదు. మర్నాడు తిరిగొచ్చి రేడియోలో నాలుగు నిమిషాలు మాట్లాడి, పార్లమెంటును రద్దు చేసి ఎన్నికలు పెట్టాడు. ఆయన పక్షం ఊడ్చేసింది. జూన్‌లో 1961 తిరుగుబాటు జనరల్ సలాన్ జైలు నుంచి విడుదలయ్యాడు. అది బాడెన్‌బాడెన్ బేరం అనుకున్నవాళ్లు ఉన్నారు.

అదే 1968లో పాకిస్తాన్‌లోనూ విద్యార్థులు అయూబ్ మీద తిరగబడ్డారు. 1969 మార్చి 25న అయూబ్ దిగిపోయాడు. తాను రాసుకున్న రాజ్యాంగం ప్రకారమే అధికారం స్పీకర్‌కు వెళ్లాలి. ఆయన సైన్యాధిపతి యాహ్యా ఖాన్ చేతిలో పెట్టి వెళ్లాడు. ఆ తర్వాతి కథ 1971 దాకా నడిచింది.

ఇంచుమించు నెల తర్వాత, ఏప్రిల్ 27న, డిగాల్ ఇంకో రెఫరెండం పెట్టాడు. విషయం ప్రాంతీయ సంస్థలు, సెనేట్ సంస్కరణ. అంత ప్రాణం మీదకు తెచ్చుకోవాల్సిన విషయం కాదు. ఓడితే వెళ్లిపోతానని ముందే చెప్పాడు. అలా చెప్పి చెప్పి గెలవడం ఆయనకు అలవాటు. దాన్ని బెదిరింపు అన్నవాళ్ల మాటలోనూ నిజం ఉంది. ఈసారి 52 శాతానికి పైగా కాదన్నారు. అర్ధరాత్రి దాటాక పల్లె నుంచి రెండు వాక్యాల ప్రకటన వెలువడింది. అధ్యక్ష బాధ్యతల నిర్వహణ విరమిస్తున్నాను. ఈ నిర్ణయం ఈ రోజు మధ్యాహ్నం నుంచి అమలవుతుంది. అంతే. రాజ్యాంగం ప్రకారం కుర్చీ సెనేట్ అధ్యక్షుడు అలెన్ పొయేర్‌కు వెళ్లింది. ఆ రెఫరెండంలో కాదనమని ఊరూరా ప్రచారం చేసిన మనిషి!

కొత్త అధ్యక్షుడి ఎన్నిక జరుగుతున్నప్పుడు డిగాల్ దేశంలో లేడు. ఇవోన్‌తో కలిసి ఐర్లండ్ వెళ్లి సముద్రపొడ్డున నడుస్తూ గడిపాడు. తిరిగొచ్చి కొలొంబే అనే ఆ పల్లెలో, 1934లో కొనుక్కున్న ఇంట్లో జ్ఞాపకాలు రాసుకుంటూ కూర్చున్నాడు. 1970 నవంబరు 9 సాయంత్రం టీవీ వార్తలకు ముందు పేకముక్కలు పరుచుకుని ఒంటరిగా ఆడుకునే ఆట ఆడుతూ కుప్పకూలాడు. పదమూడు రోజులాగితే ఎనభై నిండేవి.

1952లోనే ఆయన తన అంత్యక్రియల గురించి ఒక కాగితం రాసి పాంపిడూ దగ్గర దాచాడు. అధ్యక్షులు వద్దు, మంత్రులు వద్దు, బిరుదులు వద్దు. కొలొంబే శ్మశానంలో కూతురు ఆన్ పక్కన పెట్టమన్నాడు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టి ఇరవై ఏళ్లకే పోయిన పిల్ల అది. రాతి మీద పేరు, పుట్టిన ఏడాది, పోయిన ఏడాది తప్ప ఇంకేమీ చెక్కొద్దన్నాడు. నవంబరు 12న నిక్సన్ సహా ఎన్నో దేశాల అధినేతలు పారిస్‌లో నోత్ర్‌దామ్ చర్చిలో ప్రార్థనకు కూర్చున్నారు, ఎదురుగా శవపేటిక లేకుండా. శవపేటికను అదే రోజు కొలొంబేలో ఆ ఊరి కుర్రాళ్లు భుజాల మీద మోసుకెళ్లారు.